నరసింగరావు గారి ముఖం

సభను నడిపిస్తున్న హెడ్మిస్ట్రెస్ ఝాన్సీ మేడమ్ గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, భోజనాలు ఎప్పుడు పెడతారా అని తలుపు వైపే చూస్తున్న నా తోటి పాత విద్యార్థులకు, ముప్పై నాలుగేళ్ళు ఈ బడిలో డ్రాయింగు చెప్పి ఈ రోజు రిటైరవుతున్న మా ఉమాపతి మాస్టారికి, ఆయన పక్కనున్న కాంతం అమ్మగారికి నమస్కారాలు. (నవ్వులు)

నేను అప్పలసూరిని. గజపతినగరంలో మీరు చదివే దుకాణాల బోర్డుల్లో సగం నేను రాసినవే. తొమ్మిదో తరగతి దాటలేదు. మాస్టారి కుర్చీకి పచ్చరంగు పూసి, అది ఆరకముందే ఆయన్ని మర్యాదగా కూర్చోమన్నవాణ్ణి నేనే. తెల్ల పంట్లాం పాడైంది. ఆయన కొట్టలేదు. "రంగు బాగా కలిపినావురా. కుర్సీకి కాదు, కాయితానికి పుయ్యి" అన్నారు. నేను ఈ రోజు అన్నం తింటున్నది ఆ మాట వల్లే.

మాస్టారి గురించి చెప్పాలంటే చిత్రకారుడు నరసింగరావు గారి గురించి చెప్పాలి, ఎందుకంటే ఆయన బతుకును వెతకడంలోనే ఈయన బతుకంతా గడిచింది. నూట డెబ్బై ఏళ్ళ కిందట పొందూరు దగ్గర, బండి చక్రాలకు రంగులేసే ఇంట్లో పుట్టి, మద్రాసు వెళ్ళి నూనెరంగుల పని నేర్చుకొచ్చి, జమీందార్ల పటాలు గీశారాయన. ఘోషాలో ఉండే రాణిగారి ముఖం చూడనివ్వరు కదా, తెర కింద నుంచి చెయ్యి ఒక్కటి చూపించేవారట. దాసి చెప్పే పోలికలు వింటూ, ఆ చేతిని బట్టి ముఖం గీసేవారట. చివరికి కొలువు విసుగొచ్చి, ఈ ఊరికొచ్చి ఇరవై ఏళ్ళు పిల్లలకు బొమ్మలు నేర్పారు. చూపు పోయాక కూడా పిల్లల వేళ్ళు పట్టుకుని గీత దిద్దేవారు. అంతమంది ముఖాలు గీసిన మనిషి ముఖం మాత్రం ఎవరైనా గీశారో లేదో తెలీలేదు.

పన్నెండేళ్ళ కిందట ఒక సాయంత్రం మాస్టారు నా కొట్టు ముందు సైకిలు ఆపారు. "అన్నీ దొరికినాయి గానీ ఆయన ముఖం దొరకలేదురా, అప్పలసూరీ. ఇంక సూడగలనో లేనో" అన్నారు.

నాకు కొంటెతనం పుట్టింది. పాత చెక్క పలక మీద తలపాగా చుట్టిన ముసలాయన్ని గీసి, వెనక నరసింగరావు అని రాసి, నాలుగు రోజులు పొయ్యి పొగ పట్టించి, "మా అమ్మమ్మ అటక మీద దొరికింది మాస్టారూ" అని ఇచ్చాను. ఓ గంటాగి చెప్పేసి నవ్వుకుందామనుకున్నాను. ఆయన పలకను కళ్ళకు అద్దుకుని ఏడ్చారు. నేను నిజం చెప్పకుండానే వచ్చేశాను.

మూడో వరుసలో మా క్లాసు త్రినాథ్ నవ్వుతున్నాడు. ఒరే, నవ్వకురా, ఈసారి ఏళాకోళం కాదు.

నా వెనక గోడ మీద ఉన్నది ఆ పలకే. ఏటేటా నరసింగరావు గారి వర్ధంతికి దండ వేస్తున్నాం. ఇందాక మాస్టారు చెప్పారు, నరసింగరావు గారి మీద తను రాసిన పుస్తకం సోమవారం అచ్చుకు వెళ్తుందని, అట్ట మీద ఈ ముఖమేనని. రేపెవరైనా ఈ ముఖం అబద్ధమని తేలిస్తే, లోపల ఆయన ముప్పై ఏళ్ళు తిరిగి రాసిన నిజాన్ని కూడా నమ్మరు. అందుకే ఈ రోజు చెప్తున్నాను.

అది మా నాన్న కూర్మయ్య ముఖం. గోడలకు సున్నం కొట్టేవాడు. నేను ఆ బొమ్మ గీయడానికి ముందు ఏడాదే పోయాడు. మా ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు. తర్వాత ఎన్నిసార్లు గీద్దామని కూర్చున్నా ఆ పోలిక మళ్ళీ రాలేదు. మీరంతా ఇక్కడ నరసింగరావు గారికి దండం పెడుతుంటే నేను మా నాన్నకు పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ నోరు విప్పకపోవడానికి భయం ఒక్కటే కాదు, అదీ కారణం.

మాస్టారూ, అట్ట మీద బొమ్మ తీసెయ్యండి. నా మీద కోపంతో పుస్తకం మాత్రం ఆపకండి.

(మాస్టారు లేచారు. అమ్మగారు కుర్చీ పట్టుకుంటే, ఎక్కి పటం దించారు. ఆయన అన్నది మైకులో అందరికీ వినబడింది.)

"పదేళ్ళ ముందు సెప్పుంటే ఇంకా ఎతుకుదును కదరా. ఆయన శిష్యుల మనవలు అప్పటికి నలుగురు బతికున్నారు. ఎవరింట్లోనైనా ఆయన ముఖం దొరికుండును."

(తర్వాత కండువాతో పలక మీది దుమ్ము తుడిచారు.)

"ఇదిగో. మీ నాయన్ని ఇంటికి తీసుకుపో."

ఇంక నేను మాట్లాడలేను. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. పలకను రెండు చేతులా పట్టుకున్నాను, మీకు దండం పెట్టలేకపోతున్నాను. సెలవు.