పసుపు కాయితం

1949 ఎండాకాలం. సూర్యాపేటలో నూలుకు నీలి అద్దకం వేసే ఇల్లు. మిట్టమధ్యాహ్నం దుర్గయ్య వసారాలో అన్నానికి కూర్చున్నాడు, భార్య లచ్చమ్మ వడ్డిస్తున్నది. పెరట్లో మెడ దాకా పాతిన పెద్ద నీలి బాన ఉంది. దాని పక్కన మూడు చిన్న కుండలు కొత్తగా వచ్చాయి. అవి పట్నంలో రసాయనశాస్త్రం చదివిన సారు పెట్టించినవి. వాటి మీద చూపు పడితే చాలు, దుర్గయ్యకు ముద్ద దిగదు. తప్పంతా కూరదేనని తనకు తానే నచ్చచెప్పుకుంటున్నాడు.

“మల్ల ఉప్పు లేదు.”

“ఏస్కో. పక్కనే పెట్టిన గద.”

“మొన్న నోట్ల పెట్టనియ్యని ఉప్పు. నిన్న సప్పిడి. ఇయ్యాల మల్ల సప్పిడి. నీ మనసు పొయ్యి కాడ ఉంటె గద!”

“మరి ఏడున్నది?”

“నన్నడుగుతున్నవా? గా కుండల కాడ ఉన్నది. నెల దినాల సంది గాడనే ఉన్నది.”

“నెల దినాలేనా?”

“గాయన వచ్చి నెలనే గద అయింది.”

“ఉప్పు ముచ్చట అంతకు ముందట్నించే ఉన్నది. నీకు ఇప్పుడు కనవడుతున్నది.”

“అంటె?”

“ఏం లేదు. సల్ల పొయ్యనా?”

“మాట తప్పియ్యకు. పొద్దుగాల ఒకసారి, పగటీలి ఒకసారి, పొద్దుగూకంగ ఒకసారి గా కుండలల్లకు తొంగి సూసుడు. ఇద్దరి తలకాయలు ఒక్క కాడ పెట్టి! ఏమున్నది గండ్ల?”

“బాన నీళ్లే ఉన్నయ్. మూడింట్ల ఒకటే నీళ్లు. ఒకదాంట్ల సున్నం జర ఎక్కువ. ఒకటి పొయ్యి పక్కన ఎచ్చగ పెట్టినం. ఒకదాన్ని అసలు ముట్టనే ముట్టం.”

“ముట్టనిదాన్ని సూసుడెందుకు?”

“ముట్టనిది ఉంటెనే గద, ముట్టింది ఎంత మారిందో తెలిసేది. ఒక్కసారి ఒక్కటే మార్చాలె. సున్నం, ఎచ్చదనం రెండు ఒకసారే మారిస్తె ఏది బాన చెరిచిందో ఎట్ల ఎరుక?”

“అబ్బబ్బ! ఎంత మంచిగ ఒప్పజెప్పినవ్. గాయన మాటలు గాయన లెక్కనే. నా మాట ఒక్కటన్న గిట్ల యాదికున్నదా నీకు?”

“ఉన్నది.”

“ఏది?”

“ఉప్పు లేదు.”

“నవ్వకు. నాకు కాల్తున్నది.”

“నేనేడ నవ్విన? సారును పిలిచింది నువ్వే గదయ్య. వానకాలం సంది మూడు బానలు సచ్చినయ్. నూలు ముంచితె రంగు పట్టకపాయె. మిర్యాలగూడ నేతోళ్లు ఇగ మేము సీమ డబ్బ రంగే కొనుక్కుంటమని నీ మొకం మీదనే అన్నరు. అప్పుడు నువ్వే కోదాడకు ఉరికి, లక్ష్మీనర్సయ్య సారూ, జర వచ్చి సూడుండ్రి అంటివి.”

“బానను సూడమన్న. నా పెండ్లాన్ని కాదు.”

“ఛీ! ఏం మాట అది?”

“నేనన్నది కాదు, ఊరంత అంటున్నది. అంజన్న హోటల్ల అడిగిండు. ఏం దుర్గయ్య, బానకు జరం తగ్గిందా అని. అందరు పకపక నవ్విండ్రు.”

“గాజుపుల్ల బానల పెడ్తె జరం సూసినట్టే ఉంటది మరి. ఎంత ఎచ్చగున్నదో అది చెప్తది. అంజన్నకేం ఎరుక?”

“బానకు జరం సూసెటోడు దొరికిండు, నీకు.”

“నాకు జరమొచ్చిననాడు సూసెటోడు దొరకలె.”

“దొరకలేదా? వానకాలంల పదొద్దులు మంచం పడితె బండి కట్టి దవాఖానకు తీస్కపోయింది ఎవడు?”

“నువ్వే. కాదన్నన్నా? కాళ్లు చల్లవడ్డయని అరికాళ్లు రాసింది గూడ నువ్వే. అన్ని ఎరుకే నాకు.”

“ఎరుకుంటె గిట్ల చేస్తవా?”

“ఎట్ల జేసిన?”

“గాయన నిన్ను లచ్చమ్మ గారూ అంటడు. ‘లచ్చమ్మ గారూ, ఇలా చూడండి.’ మా నాయిన్ని గూడ గారు అని ఎవ్వడు పిల్వలె గీ ఊర్లె. నువ్వేమో గారు అనంగనే కొంగు సదురుకుంటవ్.”

“కోదాడ దిక్కు అట్లనే అంటరు. మేకను గూడ గారు అంటరేమో.”

“నువ్వు గుప్పెడు సున్నం తీస్తె రాస్కుంటడు. బానల పోసే తగిరిస గింజలు ఎంతసేపు ఉడికినయో రాస్కుంటడు. కట్టెతోని ఎన్నిసార్లు కలియతిప్పినవో, గది గూడ రాస్కుంటడు! ఇరువై ఏండ్లు నీ పక్కన్నే ఉన్న. నేను ఒక్కటన్న రాసుకున్నన్నా?”

“నీకు రాయనొస్తదా?”

“రాకుంటె రాకపాయె! సూసిన గద. ఇరువై ఏండ్లు సూసిన. సూసుడుకు లెక్క లేదా?”

“ఉన్నదయ్య. తిను. అన్నం ఎండిపోతున్నది.”

“మల్ల గా పారాణి ముచ్చట. పెండ్లిల పెట్టుకునే పారాణి ముచ్చట పరాయి మొగోనికి చెప్తదా ఎవతన్న?”

“ఓ, గదా? గాయన పట్నం కాయితం తెచ్చిండు. సున్నం తగిలితె నీలమైతదంట. నీలిబానల ముంచితె నీలం గాక ఏమైతది? పులిసినా నీలమే, సున్నం ఎక్కువైనా నీలమే. పాపం నెత్తి పట్టుకొని కూసున్నడు. నేనే అన్న, సారూ, పెండ్లిల పారాణి ఎట్ల ఎర్రగైతది, పసుపుల సున్నం పడితెనే గదా అని. కాయితానికి పసుపు రాసి ఎండబెట్టి ఒక్క సుక్క ఏసినం. సుక్క నడుమ నీలం ఉన్నది గని అంచు ఎర్రగ తిరిగింది. బాన పులిసిననాడు ఏస్తె అంచు పసుపుపచ్చగనే ఉంటది.”

“గప్పుడు ఏమన్నడు గాయన?”

“ఏమంటడు?”

“నేను గోడ పక్కన్నే ఉన్న. ‘మా కాలేజీలో ఇది నాకు ఎవరూ చెప్పలేదండీ’ అన్నడు. నీ దిక్కు సూసి అన్నడు.”

“మరి నీ దిక్కు సూసి అంటడా? నువ్వు గోడ పక్కన దాసుకున్నవాయె.”

“లచ్చమ్మ, ఇను. మా ఇంట్ల బాన కాయితంతోని నడ్వదు. నాలికతోని నడుస్తది. ఒక్క బొట్టు నాలిక మీద ఏస్కొని, సున్నం సురుకు సూసి, ఎంత కావాల్నో గంత ఏస్తం. మా తాతల కాడికెల్లి గంతే. బాన కాడ మొహమాటం లేదు. మా అమ్మ సాలమ్మ నాలిక మొద్దువారితె, మా అమ్మనే చెయ్యి పట్టి లేపిన. గా జాగల నిన్ను కూసోబెట్టిన. కన్నతల్లి అని సూసిన్నా?”

“సూడలె.”

“సూడలె! గసొంటిది, నీ నాలిక పక్కకు పెట్టి పసుపు కాయితం సూస్తున్నవ్. నాకు సిగ్గుగ ఉండదా?”

“అత్త మూలకు కూసొని, సచ్చేదాక బాన దిక్కే సూస్తుండె. మూడేండ్లు.”

“గిప్పుడు గదెందుకు?”

“ఊకెనే. యాదికొచ్చింది.”

“నాలిక పోయినంక బాన కాడ ఏం పని? ఉన్న ముచ్చట అంటున్న.”

“అవును. ఉన్న ముచ్చటే.”

“ఏందే, మొకం అట్ల పెట్టినవ్?”

“ఏం లేదు. ఒకటి అడుగుత, చెప్తవా? పొద్దుగాల బాన ఎందుకు చెడింది?”

“నన్నడుగుతవేంది? కాయితాలోన్ని అడుగు.”

“కుండలు మూడు మంచిగున్నయ్. నిన్న గా బానలకెల్లి తీసిన నీళ్లే. బాన ఒక్కటే పాడైంది. దానంతటది పులిసేదుంటె, ముట్టని కుండ గూడ జరంత పులవాలె గద అన్నడు సారు. బానల ఏదో పడ్డది, ఎవరన్న ఇటు దిక్కు వచ్చిండ్రా అని అడిగిండు.”

“నువ్వేమన్నవ్?”

“ఎవ్వరు రాలె అన్న.”

“మరింకేంది? రాలె అంటె రాలె. నేనెందుకొస్త గాడికి?”

“నువ్వు వచ్చినవని నేనన్నన్నా? గుమ్మడికాయల దొంగ అంటె బుజాలు తడుముకుంటవేంది?”

“తడుముకోలె!”

“నేను బాయికి పోయినప్పుడు నువ్వొక్కనివే ఉన్నవ్ ఇంట్ల.”

“ఉంటె?”

“ఉంటె ఏం లేదు. నూలు ముంచలే గనుక నయమాయె. ముంచి ఉంటె తిరుమలగిరి నేతగాడు పెద్దులు ఇచ్చిన నూలంత నాశనమే. సున్నం పోసి బానను మల్ల దారికి తేవచ్చు, మూడొద్దులు పడ్తది. గంతే.”

“అవునే, నేనే పోసిన! ఏమంటవ్ ఇప్పుడు?”

“ఏం పోసినవ్?”

“నీకు తెల్వదా? నటిస్తవా నా ముంగట? కడివెడు చింతపులుసు పోసిన. ఎందుకు పోసిన్నో తెలుసా? నీ కోసం పోసిన! గాయన కాయితం ఉత్త బూటకం, అందరు సూడంగ నీ నాలిక పట్టుకుంటది, కాయితం పట్టుకోదు, ఇగ గాయన సంచి సదురుకొని పోతడు అనుకున్న. నువ్వేం జేసినవ్? బొట్టు నాలిక మీద ఏస్కొని ‘సున్నం సరిపోయింది, మంచిగున్నది’ అన్నవ్. కడివెడు పులుసు! పాలు తాగే పోరడు గూడ మొకం ముడుస్తడు. నువ్వు రెప్ప కొట్టలె. గంతల గాయన కాయితం మీద సుక్క ఏసిండు. పసుపు పసుపు లెక్కనే ఉన్నది. గాయన కాయితం గెలిచింది. గాయన్ని గెలిపియ్యనీకి నీ నాలికను నువ్వే అబద్ధం జేసినవ్. నా ముంగట! నా బాన కాడ!”

“గట్లనుకున్నవా?”

“ఇంకెట్ల అనుకోవాలె? చెప్పు!”

“సారు మల్ల మాపటికి వస్తనన్నడు. అప్పుడు…”

“రాడు.”

“రాడా?”

“నువ్వు నీళ్లు పోసుకునేటప్పుడు పోయి చెప్పి వచ్చిన. మా బాన మేము సూస్కుంటం, నువ్వు ఇగ మా గడప తొక్కకు అన్న. పాపం మంచిగనే, ‘సరేనండీ దుర్గయ్య గారూ’ అన్నడు. నన్ను గూడ గారు అన్నడు. కోదాడ బస్సెక్కిండు.”

“ఏమన్న చెప్పిండా పోయేటప్పుడు?”

“గదే! గదే కావాలె నీకు. ‘లచ్చమ్మ గారిని ఆ కాయితం జాగ్రత్తగా దాచుకోమనండి, నెల రోజుల పని అది’ అన్నడు. ఏం కాయితమా అని, నువ్వు మల్ల బాయికి పోయినప్పుడు ఇల్లంత దేవులాడిన. నీ చీరె మడతల దొరికింది. పసుపు కాయితం. వరుసగ సుక్కలు, ఒక దాని అంచు ఎర్రగ, ఒక దానిది జర తక్కువ ఎర్రగ, కింద కింద పసుపుపచ్చగ. ఒక్కో సుక్క పక్కన ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు. ఏం సైగలే అవి మీ ఇద్దరికి?”

“గుప్పెళ్లు. ఏ సుక్కకు ఎన్ని గుప్పెళ్ల సున్నం ఏస్తె బాన నిలవడ్తదో. నాకు సదువు రాదని గీతలు గీసి ఇచ్చిండు. ఏడ పెట్టినవ్ దాన్ని?”

“పొయ్యిల పెట్టిన.”

“మొత్తమా?”

“మొత్తం. బుగ్గి అయింది.”

“ముక్కన్న మిగల్లేదా? సూసినవా మంచిగ? అంచన్న?”

“ఏందే! ఏడుస్తున్నవా? మా అమ్మ పోయిననాడు గూడ నువ్వు గింత ఏడ్వలె. గాయన కోసం ఏడుస్తున్నవా నువ్వు?”

“కాయితం కోసం.”

“కాయితం లేకుంటె ఏం మునిగిపాయె! నీకు నాలిక లేదా?”

“లేదు. వానకాలం జరం తగ్గిన కాడికెల్లి లేదు. ఉప్పు తెల్వది, పులుపు తెల్వది, సున్నం సురుకు తెల్వది. గా మూడు బానలను సంపింది నేనే. నీకు చెప్తె నన్ను గూడ చెయ్యి పట్టి లేపి అత్త కూసున్న మూలకే కూసోబెడ్తవని, సారుకొక్కనికే చెప్పుకున్న. నువ్వు బానల పోసింది చింతపులుసని, గిప్పుడు నీ నోట ఇంటెనే నాకు ఎరుకైంది.”