సెలూన్ ఆయన చెప్పిన వాన

గడ్డం బాగా మాసింది నీకు. ఎక్కడ గీయించుకుంటావురా, ఆ అద్దాల షాపులోనా? వాళ్లు నోరే విప్పరు కదా, పాటలు పెట్టుకుని పని కానిచ్చేస్తారు. మా రోజుల్లో ఒక సెలూన్ ఆయన ఉండేవాడు. నువ్వు చూసి ఉండవులే, నువ్వు పుట్టేసరికే పోయాడు. చెయ్యి ఎంత మెత్తనంటే, కత్తి తగిలినట్టే ఉండేది కాదు. నోరే... ఏం చెప్పమంటావు. వీధిలో ఎవరింట్లో ఏం జరిగినా ఆయన చెవిన పడాల్సిందే, పడ్డాక నోటి చివరిదాకా రావాల్సిందే. చెడ్డ బుద్ధి కాదు సుమా, కడుపులో మాట నిలవదు, అంతే. మొహం నిండా నురగ పట్టించి, గొంతు మీద కత్తి పెట్టి, "అన్నట్టు, మీ అల్లుడు నిన్న..." అని మొదలుపెట్టేవాడు. కత్తి అక్కడుంటే ఎవడు లేచిపోతాడు?

కొట్టు వెనకాలే ఇల్లు, మధ్యలో ఒక తెర. సరిగ్గా ఆ "నిన్న" దగ్గర తెర వెనక గిన్నె మూత ఠంగుమని పడేది. ఎవరంటావేంటి, ఆయన భార్య! ఆయన చప్పున నాలిక కరుచుకుని, "అదే... వాన పడేట్టుంది" అనేవాడు. బయట ఎండ మండిపోతున్నా వానే. దాంతో ఏమైందంటే, సెలూన్లో వాన మాట విన్నవాడు నేరుగా ఇంటికెళ్లి, "నా దగ్గరేం దాస్తున్నారు?" అని పెళ్లాం పిల్లల్ని నిలదీసేవాడు. అది వేరే గొడవ. విప్పి చెప్పుంటే మాత్రం కొంపలంటుకునేవి. మా ఆవిడ ఒకసారి ఆవిణ్ణి అడిగింది, "ఇంట్లోనే నాలుగు చీవాట్లు పెట్టొచ్చు కదమ్మా, ఈ మూతలెందుకు?" అని. "పెట్టానక్కా. తెర దాటేసరికి మర్చిపోతారు. మంచి మనిషి, ఏం చేస్తాం, నేను దగ్గరుండాలి" అందట. మా ఆవిడ ఇంటికొచ్చి అదే పట్టుకుంది. నేను ఎవరి ముందైనా ఎక్కువ వాగుతుంటే వంటింట్లో గ్లాసు టక్కుమనేది. నువ్వూ వినే ఉంటావు. ఆఁ, పోయినేడాది దాకా.

సరే, ఎక్కడున్నాం? సెలూన్ ఆయన భార్య పోయింది. జ్వరమే, చూస్తుండగానే. వీధి వీధంతా ఏడ్చింది, కొందరైతే భయంతో కూడా. ఇక ఆయన్ని ఆపేదెవరు? కొట్టు తెరిచాడు గానీ ఒక్కడూ గడప తొక్కలేదు. మగాళ్లంతా గడ్డాలు పెంచారు. ఆయనకి ఆ కొట్టు తప్ప ఏముంది? ఖాళీ కుర్చీనే తుడుచుకుంటూ కూర్చునేవాడు. చివరికి మీ తాతే, వడ్రంగం మేస్త్రీ కదా, దేనికీ జంకేవాడు కాదు, "పదరా, పాపం కొట్టు మూసేసేలా ఉన్నాడు" అని నన్నూ లాక్కెళ్లాడు. తను కుర్చీలో, నేను బెంచీ మీద. నురగ పట్టించాడు. కత్తి తీశాడు. "అన్నట్టు మేస్త్రీ, నీ పెళ్లికి ముందు..." అని ఆగాడు. తెర వైపు చూశాడు. కత్తి అలా గాల్లోనే ఉంది. చప్పుడు లేదు. ఆ మాట పూర్తి చెయ్యడం ఆయనకి రాదురా, పెళ్లైన దగ్గర్నుంచీ ఒక్కటీ పూర్తి చేసి ఎరగడు. అప్పుడు మీ తాత తల కదపకుండా కాలు చాపి, స్టూలు మీదున్న నీళ్ల మగ్గుని ఒక్క తన్ను తన్నాడు. ఠంగుమంది. "వాన పడేట్టుంది" అన్నాడాయన, కళ్లు తుడుచుకుంటూ. కంట్లో సబ్బు పడిందట. సబ్బున్నది మీ తాత మొహాన.

తర్వాత అందరూ అంతే, ఎవరి వంతుకి వాళ్లు మగ్గుని తన్నడమే. ఆయన పోయేదాకా కొట్టు నడిచింది. ఆ మగ్గు సొట్టలు చూడాలి నువ్వు. అసలు ఆయన చెప్పబోయిన మీ తాత సంగతి నాకూ తెలుసులే. నువ్వూ పెద్దవాడివయ్యావు, చెబితే తప్పేం లేదు. మీ నానమ్మని చూడకముందు మీ తాత, ఆ కోతమిల్లు వీధిలో...

ఏం లేదురా. ఊరికే వంటింటి వైపు చూశాను. ఎవరూ లేరు, తెలుసు.

వాన పడేట్టుంది. ఆ కుర్చీ లోపల పెట్టు.