బోర్డు కింద సన్నక్షరాలు

ఏవిట్రా అది, వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఫోన్లో పైకీ కిందకీ తోస్తున్నావు? బైనాక్యులర్సా? జేబులో పట్టే చిన్నవా? ఎనిమిదింతలు చూపించేది కొనాలా, పదింతలు చూపించేదా అని తేల్చుకోలేకపోతున్నావా? ఓరి నీ! నువ్వు మా కళ్లజోళ్లాయన ఉన్నప్పుడు పుట్టాల్సినవాడివి. ఎవరంటే... నా గడియారాల కొట్టు లేదూ, దాని పక్క షాపు ఆయనది. పోయి చాలా ఏళ్లయిందిలే. కళ్లజోళ్లు పేరుకే, ప్రాణమంతా ఈ బైనాక్యులర్ల మీదే. గుమ్మంలో ఓ ఎత్తు స్టూలు. వచ్చినవాణ్ణి దాని మీద కూచోబెట్టి, ఒకటి కళ్లకి పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇదెలా ఉంది? మరిదీ? తొందరపడకండి, చూపు కుదురుకోవాలి" అని పిల్లకి సంబంధం చూస్తున్నంత తంతు చేసేవాడు. "పదింతలదైతే చెయ్యి ఏమాత్రం వణికినా బొమ్మ గంతులేస్తుందండీ. ఎనిమిదింతలది తీసుకోండి, రోజూ వాడుకోడానికి అదే హాయి" అనేవాడు. అబద్ధం చెప్పేవాడు కాదు, అప్పట్లో. ఏం చెబుతున్నాను? ఆ, స్టూలు.

ఆ స్టూలు మీంచి చూస్తే ఎదురుగుండా టైలరు షాపు. ఆ టైలరు ఎవరో కాదు, ఈయన తోడల్లుడే. అక్కని ఈయన చేసుకున్నాడు, చెల్లెల్ని ఆయనకిచ్చారు. ఇచ్చారేవిటి, ఈయనే ఇచ్చాడు. తల్లీ తండ్రీ లేని పిల్ల, అక్క వెనకాలే ఈ ఇంటికొచ్చి, బావ చేత అక్షరాలు దిద్దించుకుని పెరిగింది. కూతురే అనుకో. కళ్ల ముందే ఉంటుందని ఎదురుగా షాపు కూడా పెట్టించాడు. అక్కడే వచ్చింది తంటా. స్టూలెక్కినవాడు బైనాక్యులర్స్ ఎటు తిప్పుతాడు చెప్పు? టైలరు షాపులోకే. లోపల కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు. రోడ్డుకి అవతల ఓ పెద్దమనిషి నోరు తెరుచుకుని వాటిల్లోంచి చూస్తుంటే ఎవరాగుతారు? ఒక్కొక్కళ్లే రావడం మానేశారు. పాపం టైలరు వచ్చి మెత్తగానే అడిగాడు. "అన్నయ్యా, ఆ స్టూలు కాస్త అటు తిప్పించరూ?" "అటు గోడుంది. గోడ చూసి ఎవడు కొంటాడోయ్? మావాళ్లు చూసేది నీ బోర్డునే." "బోర్డే అయితే అంతసేపు ఎందుకండీ, నా పేరు అంత పొడుగుందా?" మాటా మాటా పెరిగింది. ఈయన ఇంట్లోకెళ్లి పెళ్లాంతో, "ఇక ఆ ఇంటి మాట నా చెవిన వేశావంటే నా మీద ఒట్టే" అనేశాడు. కోపమొస్తే ముందూ వెనకా చూసే మనిషి కాదు.

టైలరు మాత్రం తక్కువ తిన్నాడా? సూదిలో దారం ఎక్కించే చెయ్యి. నిచ్చెన వేసుకుని తన బోర్డు అడుగున ఆవగింజంతేసి అక్షరాలతో ఏదో రాశాడు. మామూలు కంటికి ఓ గీతలా ఉంటుందంతే. మర్నాడు ఓ బ్యాంకాయన స్టూలెక్కాడు. మొదటిదానికి పెదవి విరిచాడు. రెండోది కళ్లకి పెట్టుకోగానే కిసుక్కున నవ్వాడు, ఈయన్ని ఎగాదిగా చూశాడు, ఆలోచించుకుని వస్తానని పోయాడు. తర్వాతొచ్చినవాడూ అంతే. ఈయనకి అనుమానం వచ్చి తనే చూశాడు. ఏం రాసుందో తెలుసా? "ఇది చదవగలిగారంటే ఆ అద్దాలు మంచివే. అమ్మేవాడు మాత్రం మంచివాడు కాదు." హహ్హ! ఎంత న్యాయస్థుడో చూడు, సరుకుని ఒక్క మాటన్నాడా? ఈయన చిందులేస్తూ బీటు కానిస్టేబుల్ని పిలుచుకొచ్చాడు. ఆయన బోర్డు కింద నిలబడి మెడ సాచి, "ఏదండీ, దుమ్ము పట్టినట్టుంది తప్ప నాకేం కనపడటం లేదే" అన్నాడు. ఇక తప్పక షాపులోకల్లా మంచిది తీసి చేతికిచ్చి స్టూలెక్కించాడు. కానిస్టేబులు చదివాడు. తీరిగ్గా మళ్లీ చదివాడు. "ఇందులో తప్పేముందండీ" అని, ఆ బైనాక్యులర్స్ మాత్రం సాక్ష్యం కింద జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఇస్తేగా!

అసలు వింత అప్పట్నుంచీ. మంచివి పెడితే తిట్టు కనపడుతుంది కదా. అందుకని మంచివన్నీ అల్మారాలో పెట్టి తాళమేసి, ఎక్కణ్ణుంచో మసక సరుకు తెప్పించి బల్ల మీద పరిచాడు. అదే నోరు, అదే తియ్యదనం. "అంత స్పష్టంగా కనపడి ఏం చేసుకుంటారండీ? ఎదుటివాడి మొహం మీద మచ్చలు చూస్తారా? ఇది పెట్టుకోండి, లోకం దూదిలా ఎంత మెత్తగా ఉందో. రోజువారీ చూపుకి ఇంతకి మించి అనవసరం." జనం కొన్నారు నాయనా! కంటికి చల్లగా ఉందని మెచ్చుకుని మరీ కొన్నారు. బడిలో డ్రిల్లు మాస్టారు ఒకటి పట్టుకెళ్లి, పరుగుపందెంలో మూడోవాడికి మొదటి బహుమతి ఇచ్చేశాడు. ఆ మూడోవాడి తండ్రి మర్నాడే వచ్చి తనకొకటి, తమ్ముడికొకటి కొనుక్కున్నాడు. చెప్పగా చెప్పగా ఈయనా నమ్మేశాడురా, ఆ మసకవే మంచివని. అదీ విచిత్రం.

నవ్వకు, ఆగు. ఆ రోజుల్లోనే ఆ చెల్లెలికి జబ్బు చేసింది. టైలరు షాపు మీద గదిలో మంచం పట్టింది. అక్క రోజూ మధ్యాహ్నం, ఈయన కునుకు తీసే వేళకి వెనక సందులోంచి వెళ్లి చూసొచ్చేది. ఇదంతా ఆవిడే తర్వాత మా ఇంట్లో చెప్పుకుని ఏడ్చింది. ఆ పిల్ల నోట ఒకటే మాట: "బావని ఓసారి రమ్మనవే అక్కా." ఎలా చెబుతుంది? మొగుడి మీద ఒట్టాయె. ఆలోచించి ఆలోచించి మరిదిని, అదే ఆ టైలర్ని, బతిమాలింది. ఆ పాత రాత చెరిపించి, అక్కడే "అన్నయ్యా, మీ మరదలికి బాగాలేదు. మిమ్మల్ని చూడాలంటోంది" అని రాయించింది. పెద్దక్షరాలతోనే రాసి ఏడవచ్చుగా అంటావు, అంతేనా? అమ్మో, వీధంతా చదివితే టైలరుగారి పరువేం కాను! బతిమాలడం కూడా సన్నక్షరాలతోనే. ఆవిడ ఇంటికొచ్చి, "అందరికీ చూపిస్తారుగా, మీరూ ఓసారి ఆ బోర్డు కేసి చూడండి" అంది. ఈయన విసుక్కుంటూ బల్ల మీదది ఒకటి తీసి చూశాడు. "వాడి మొహంలాగే ఉంది" అని పడేశాడు. ఆవిడ మళ్లీ అడిగింది, మళ్లీ కసిరాడు. తాళంచెవి మొలకే ఉంది, తియ్యాలని తోచలేదు.

చివరికి ఎవరో పాత ఖాతాదారు, అంతకుముందెప్పుడో కొన్న మంచిదానికి మర వదులైందని పట్టుకొచ్చాడు. నేనక్కడే ఉన్నాను, టీ తాగుతూ. ఈయన నాతో ఏదో వేళాకోళమాడుతూనే మర బిగించి, తాడు మెళ్లో వేసుకుని, అలవాటు కొద్దీ ఎదురుగా చూశాడు. పెదాలు కదుపుతూ ఏదో చదివాడు. అలాగే, కళ్ల దగ్గర్నుంచి తియ్యకుండానే రోడ్డు మీదకి నడిచాడు. సైకిలువాడెవడో తిట్టాడు కూడా. నేను వెనకాలే పరుగెత్తాను. మెట్లెక్కాం. గదిలో మంచం పక్కన ఈయన భార్య గ్లాసు పట్టుకుని కూచుంది. మొగుణ్ణి చూసి లేవలేదు. టైలరు కుర్చీ జరిపాడు. ఆ పిల్ల... పిల్లేవిటి, అప్పటికే జుట్టు నెరిసింది... తల తిప్పి, "వచ్చావా బావా? ఇంత దగ్గరుంటే ఇన్నాళ్లూ కనపడలేదా?" అంది. కోపంగా కాదురా. ఊరికే అడిగింది. ఎంతటివాణ్ణయినా మాటలతో కూచోబెట్టేసే మనిషి, మెళ్లో వేలాడుతున్నదాన్ని గట్టిగా పట్టుకుని, "నా దగ్గరున్నవన్నీ మసక సరుకేనమ్మా" అన్నాడు. అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకూ ఆగలేదు.

తర్వాతా? తర్వాతేముంది... ఆ వారం దాటలేదు ఆ పిల్ల.

ఆ కిటికీ తలుపు వెయ్యి. దుమ్మొస్తోంది.