సమాధి ఎక్కడ అన్న గడి

అచ్చాఫీసు వెనక గది. ఎదురెదురు కుర్చీల్లో ఎడిటరు, ప్రూఫులు దిద్దే ఆవిడ. మధ్యాహ్నం రెండున్నర.

"మళ్ళీ తెలియదనే రాశావా?"

"తెలియదు కాబట్టి తెలియదని రాశానన్నయ్యా."

"ఒక్క పేజీలో ఎన్ని తెలియదులమ్మా! నాలుగింటికి మెషీను ఎక్కాలి. 'మత స్థాపకుల సమాధులు' అని పైన ఇంతింత అక్షరాలేసి, కింద తెలియదు, తెలియదు అంటే చదివే పిల్లలు నవ్వరూ?"

"నవ్వనీండి. మూడో ప్రూఫు ఇది. కళ్ళు లాగేస్తున్నాయ్."

"నా నడుమూ పడిపోయింది. సరే, మొదట్నుంచీ చదువు."

"మహమ్మద్ ప్రవక్త, మదీనా. ఇందులో పేచీ లేదు. కన్ఫ్యూషియస్, ఆయన సొంతూళ్ళోనే. అదీ సరే."

"ఊఁ."

"బుద్ధుణ్ణి కుశీనగరంలో దహనం చేశారు. అస్థికలు ఎనిమిది వాటాలేసుకున్నారు. మరి సమాధి అన్న గడిలో ఏం రాయను?"

"కుశీనగరం అని రాసెయ్."

"మిగతా ఏడు వాటాలవాళ్ళూ ఊరుకుంటారా?"

"రెండున్నర వేల ఏళ్ళయింది, ఊరుకుంటార్లే. తర్వాత?"

"క్రీస్తు. జెరూసలేంలో రెండు చోట్లు చూపిస్తారు. అసలు ఆయన లేచి వెళ్ళాడు, సమాధి ఖాళీ అన్నదేగా వాళ్ళ నమ్మకం."

"రెండిట్లో ఒకటి వేసెయ్."

"గురునానక్ మీద కప్పిన దుప్పటి తీస్తే పూలే ఉన్నాయని చెప్పుకుంటారు. ఆ దుప్పటే చెరిసగం చేసుకుని ఒకళ్ళు పాతిపెట్టారట, ఒకళ్ళు కాల్చారట."

"అది బావుంది. ఉంచు."

"పార్సీల జరతుష్ట్ర సమాధి ఎక్కడో తెలియదు. యూదుల మోషే సంగతి సరేసరి. అది ఎవరికీ తెలియదని వాళ్ళ గ్రంథమే చెప్తోంది."

"మోషేకి ఏదో గుమ్మటం ఉందిగా? జనం వెళ్తారుగా? ఆ చోటు వేసెయ్."

"జనం వెళ్తారని రాస్తాను. ఆయన అక్కడున్నాడని రాయను."

"ఏం మొండిదానివమ్మా! మనిషికి ఏదో ఓ చోటంటూ ఉండాలి. వెళ్ళి కాసేపు కూర్చోడానికి, నాలుగు పూలు పెట్టడానికి. ఎక్కడో తెలీదంటే ఎటు తిరిగి ఏడుస్తాడు?"

"అందుకని ఓ చోటు కల్పించి చెప్పెయ్యడమేనా?"

"కల్పించడం ఏంటి? ఓదార్పు."

"నాకు చెప్పినట్టా?"

"నీకేం చెప్పాను? ఆ ఫ్యాను తగ్గించు, కాగితాలు ఎగిరిపోతున్నాయ్."

"ఫ్యాను పొద్దుట్నుంచీ తిరగట్లేదన్నయ్యా."

"సరే, సరే. మోషే దగ్గర ఉన్నాం."

"వరద వార్త రాయడానికి మా ఆయనా మీరూ కలిసి వెళ్ళారు. ఆయనెక్కిన పడవ కొట్టుకుపోయింది. తొమ్మిదోరోజు మీరొక్కరే వచ్చారు. 'దొరికాడు చెల్లెమ్మా, నా చేతుల్తో నేనే పాతిపెట్టాను, గుట్ట కింద రాయి నాటాను' అన్నారు."

"ఇప్పుడెందుకమ్మా అవన్నీ? పంతొమ్మిదేళ్ళ నాటి మాట."

"రోడ్డు వెడల్పు చేస్తూ ఆ గుట్ట తవ్వేశారు. 'ముందే వెళ్ళి ఎముకలు తీయించాను, రాయి జరిపించి దాని కిందే పెట్టించాను' అన్నారు. అదీ మీరే."

"అవును. పెట్టించాను."

"తవ్వకం మొదలెట్టిన రోజు నేనక్కడే ఉన్నాను."

"నువ్వా? ఎవరితో వెళ్ళావ్?"

"ఒక్కదాన్నే. రాయి అప్పటికింకా పాతచోటే ఉంది. దాన్ని పక్కకి తోసి నిలువెత్తు తవ్వారు. దగ్గరే నిలబడి చూశాను. మట్టి, రాళ్ళు. అంతే."

"అంటే... ఏడేళ్ళయింది కదా అది."

"ఏడేళ్ళే."

"దొరకలేదమ్మా. తొమ్మిది రోజులు ఒడ్డెంట తిరిగాను. శవం వచ్చిందంటే చాలు, పడవ పడవకీ పరిగెత్తాను. ముఖాల మీద గుడ్డ తీసి తీసి చూశాను. ఒక్కడూ వాడు కాదు. ఉత్తచేతుల్తో నీ గుమ్మం ఎక్కలేకపోయాను."

"తెలుసు."

"ఒక అబద్ధానికి ఇంకోటి చెప్పాల్సొచ్చింది. ఏటా నీ పక్కన ఆ రాయి ముందు కూర్చోవడం... నిజంగా అలిసిపోయానమ్మా. తిట్టు. తిట్టాలి నువ్వు."

"తిట్టే ఓపిక నాకూ లేదు."

"మరి అంతా తెలిసీ, ఏడేళ్ళుగా ఆ మోకాళ్ళ నొప్పులతో రెండు బస్సులు మారి ఎందుకొస్తున్నావ్ అక్కడికి? ఆ రాయి కింద వాడు లేడు కదా!"

"ఏడాది పొడుగునా మీరు ఆయన పేరెత్తరన్నయ్యా. అక్కడ కూర్చుంటేనే మాట్లాడతారు. ఎలా నవ్వేవాడో, పడవెక్కేముందు మీతో ఏం పందెం కాశాడో. నేనొచ్చేది ఆ మాటల కోసం."