ఈత నేర్చిన మొక్కలు

శ్రీమతి రుసీనే సావాంగ్ గారు 2004 ఆగస్టు 16వ తేదీన, ఒక చేతిలో కొడవలి, మరో చేతిలో అన్నం మూటతో, తుంబాంగ్ నారే అడవి మొక్కల నర్సరీలో దినకూలీగా చేరారు. నియామక పత్రంలో ‘కలుపు తీయుటకు’ అని మాత్రమే ఉంది. ఇరవై సంవత్సరాల తరువాత ఈ నెలాఖరున, అదే నర్సరీకి అధిపతిగా వారు పదవీ విరమణ చేస్తున్నారు.

వారు చేరేనాటికి ఇక్కడ అడవి మిగలలేదు. కుళ్ళిన ఆకులు, వేళ్ళు పేరుకుని ఏర్పడిన పీట్ నేల, కాలువలు తవ్వి నీరు లాగేయడంతో ఎండి, 1997లో అంటుకుంది. పైన మంట ఆరినా అడుగున నెలల తరబడి రాజుకుంటూనే ఉంది. రుసీనే గారి తండ్రిగారి రబ్బరు తోట ఆ నిప్పులోనే పోయింది. ఈ చిత్తడి అడవిలో జెలుతుంగ్ చెట్టు కాయ ఎప్పుడు పగులుతుందో, బలంగెరాన్ చెట్టు విత్తనం ఎన్ని రోజుల్లో చెడిపోతుందో వారు పుస్తకంలో చదవలేదు. చెట్ల కింద కాచుకుని కూర్చుని తెలుసుకున్నారు. 2011లో నర్సరీ బాధ్యత స్వీకరించి, నేల మళ్ళీ తడిగా ఉండేలా పాత కాలువలకు అడ్డుకట్టలు వేయించారు.

2015లో నిప్పు మళ్ళీ వచ్చింది. కాలిన నేల కుంగింది. వానాకాలంలో మునుపటికంటే లోతుగా నీరు నిలిచింది. వరుసగా రెండేళ్ళు, నాటిన మొక్కలన్నీ ఆ నీటిలోనే కుళ్ళిపోయాయి. మూడో ఏడు కూడా పోతే నర్సరీ మూసివేస్తామని పైనుంచి ఉత్తరం వచ్చింది. మూస్తే తొమ్మిది మంది ఆడవాళ్ళ పని పోతుంది. నేల మరొకరి చేతికి వెళుతుంది.

2018 అక్టోబరులో తనిఖీ అధికారి శ్రీ హెర్మనాదీ గారు చెప్పకుండా పడవ దిగారు. నర్సరీలో ఉండాల్సిన పన్నెండు వేల బలంగెరాన్ మొక్కలు కనబడలేదు. మడుల నిండా నల్లటి నీళ్ళు.

“ఏవమ్మా, మొక్కలేవీ?”

“మీ కాళ్ళ ముందే ఉన్నాయి సార్. నీళ్ళ అడుగున.”

“పన్నెండు వేలూనా? చంపేశారా?”

“లేదండీ, ఈత నేర్పుతున్నా.”

వెనకనుంచి సహాయకురాలు లుయీసే గారు తల పట్టుకున్నారు. “అక్కా, నీ నోటికో దండం! ఉద్యోగం పోయేటప్పుడు కూడా వెటకారమేనా?”

“వెటకారం కాదే. సార్, మా దగ్గర పసిబిడ్డకి పేరు పెట్టేముందు ఏట్లో ముంచుతాం. రేపు పడవల్లో బతకాల్సినవాడికి నీళ్ళంటే బెదురుండకూడదని.”

“మరి ఆ పిల్లలంతా బతికారా?”

“నేను బతకలేదూ? ఇదిగో, మా లుయీసే, ఇదీ బతికింది. దీన్ని మాత్రం ఇంకోసారి ముంచుండాల్సింది.”

అధికారి నవ్వలేదు. “ఎన్నాళ్ళయింది ముంచి?”

“పద్నాలుగు రోజులు. రేపు పొద్దున తూము తీస్తాం.”

“అయితే చూసే వెళ్తాను.”

ఆ సాయంత్రం ఆయన చేపల పులుసులో ఉడికించిన లేత రత్తన్ పేము మొవ్వు మూడుసార్లు వడ్డించుకున్నారు. రుసీనే గారు తమ పళ్ళెం లుయీసే గారి వైపు జరిపారు. ముంచి చూడటం వారు అంతకుముందు నలభై మొక్కల మీదే చేశారు. ముప్పై ఆరు బతికాయి. పన్నెండు వేలు ఎవరూ ముంచి ఎరగరు. ఆ సంగతి వారికి ఒక్కరికే తెలుసు.

తెల్లవారి తూము తీశారు. నీరు జారిపోయేసరికి మడులన్నీ ఒకే నల్లటి జిగురు. రుసీనే గారు వంగి ఒక ఆకును బొటనవేలితో తుడిచారు. గోధుమరంగు, చేతిలోకి ఊడి వచ్చింది. రెండోదీ అంతే. మూడోది తుడిచారు. పచ్చ! నాలుగోది పచ్చ. అయిదోది పచ్చ.

“హమ్మయ్య” అంటూ వారు బురదలోనే చతికిలబడ్డారు. శ్రీ హెర్మనాదీ గారు ప్యాంటు మడిచి మడిలోకి దిగారు. మధ్యాహ్నం దాకా అందరితోపాటు ఆకులు తుడుస్తూనే ఉన్నారు. నర్సరీ మూసివేత మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆ మొక్కలు నాటిన చోట మరుసటి జనవరిలో నలభై రోజులు నడుములోతు నీరు నిలిచింది. నీరు తగ్గేసరికి చాలా మొక్కలు నిలబడే ఉన్నాయి. ఈనాడు అవి మనిషికి రెండింతల ఎత్తు. నిరుటి ఎండల్లో పొగ కాలువ అవతలి గట్టు దాకా వచ్చింది. ఇవతలి నేల తడిగా ఉంది; అంటుకోలేదు. ఆ రోజు మేమంతా ఊపిరి పీల్చుకున్నాము.

పోయిన వారం తూము చక్రం లుయీసే గారికి అప్పగిస్తూ రుసీనే గారు చెప్పిన మాటను మా నర్సరీ పత్రిక ఈ సంచికలో ముద్రించి ఉంచడం మా కర్తవ్యంగా భావిస్తున్నాము: “మొదటి ఆకు చూసి ఏడవకే పిల్లా. మూడోది తుడిచి చూడు.”

ఆ బలంగెరాన్ చెట్లు ఇంకా విత్తనం వేయలేదు. వేసే రోజున ఆ తొలి విత్తనాలు ఏరుకోవడానికి వారు చూపు తగ్గకుండా, నడుము వంగకుండా, నోటి చురుకు ఏమాత్రం మొద్దుబారకుండా ఇక్కడికి రావాలని, ఆ విత్తనాల పిల్లలకు కూడా ఈత నేర్పేంత నిండైన ఆయుష్షు వారికి ఉండాలని మనసారా కోరుకుంటున్నాము.