ఈ ఊరేగింపు మా ఇంటికి కాదు

సభకు అధ్యక్షులైన మా ప్రధానోపాధ్యాయులు జగన్నాధం గారికి, ముఖ్య అతిథిగా విచ్చేసిన ప్రైవేటు కళల కాలేజీ అధిపతి ఉమాశంకర్ గారికి, ఊడ్పుల రోజుల్లో పొలం పని ఆపుకుని వచ్చిన పెద్దలకు, నాతో పాటు ఈ బడిలో సుద్దపొడి పీల్చిన తోటి ఉపాధ్యాయులకు, నా పిల్లలకు, ఆ పిల్లల్ని కన్నవాళ్లకు నమస్కారం. ముందుగా ఒక మాట. గేటు దగ్గర తప్పెటగుళ్ళ బృందం ఎండలో నిలబడి ఉంది. అతిథి గారి కారు వచ్చేదాకా ఆడించారు, ఆ తర్వాత వాళ్లను మర్చిపోయారు. వాళ్లను లోపలికి పిలిచి కుర్చీలు వేయండి బాబూ. నేను ఆగుతాను.

సరే, కూర్చున్నారు. ఇప్పుడు నా సంగతి.

నేను డ్రాయింగ్ టీచర్ని. నా పీరియడ్ నాకు పూర్తిగా దక్కిన వారం ఒక్కటీ గుర్తు లేదు. "మేడమ్, మీది డ్రాయింగే కదా, కాస్త ఇవ్వండి, సిలబస్ అవలేదు" అని లెక్కల మాస్టారు వచ్చేవారు, ఆయన వెనకాలే సైన్సు మేడమ్ వచ్చేవారు. (నవ్వులు) నవ్వుతున్నారు, అడిగినవాళ్లంతా ముందు వరసలోనే ఉన్నారు. ఆగస్టు పదిహేను ముందురోజు మాత్రం అందరికీ రాజకుమారి మేడమే కావాలి. ముగ్గులకు, బ్యానర్లకు, మంత్రి గారు వస్తే గోడ మీద స్వాగతానికి మేం కావాలి. ఆ ముగ్గు వేసిన పిల్ల ఇదే చదువుకుంటానంటే "బొమ్మలేసుకుని ఏటి తింటాది?" అని మీరే అడుగుతారు. ఈ మాట విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇవాళ రిటైరవుతున్నానని శాలువా కప్పారు కాబట్టి మంచిమాటలు చెప్పి దిగిపోవాలి. అలాగే దిగిపోదామనుకున్నాను కూడా.

కానీ ఇందాక ఉమాశంకర్ గారు మాట్లాడారు. నా వెనకాల ఉన్న ఈ బొమ్మ చూసి మెచ్చుకున్నారు. నా బొమ్మే అది, ముక్కు కాస్త పెద్దదిగా వేసింది, ఉన్నదే వేసింది. (నవ్వులు) దాన్ని వేసింది శ్రావణి. మన బడిలో పదో తరగతి చదివి, ఇప్పుడే ఇంటర్ అయిన పిల్ల. వాళ్ల నాన్న ఎర్రన్న తీరంలో చేపలు కొంటాడు, అమ్మ గురమ్మ అవి బుట్టలో పెట్టుకుని మన వీధుల్లోకి తెస్తుంది. అతిథి గారు ఏమన్నారో విన్నారుగా. "ఈ అమ్మాయి మా కాలేజీ విద్యార్థిని, మా శిక్షణకు ఇదొక మచ్చుతునక" అన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. మీ కాలేజీలో ఇంకా ఒక్క క్లాసు కూడా మొదలవలేదు కదా సార్! ఆ పిల్లకు కుంచె పట్టుకోవడం ఈ బడి వరండాలో నేను నేర్పాను. అందుకని ఇప్పుడు మాట్లాడకుండా దిగితే నాకు అన్నం సహించదు.

జరిగింది చెబుతాను. శ్రీకాకుళంలో ఒక కల్యాణమండపంలో సార్ గారి కాలేజీవాళ్లు అడ్మిషన్ల మేళా పెట్టారు. నిగనిగలాడే పుస్తకం చేతిలో పెట్టి చిత్రలేఖనం, యానిమేషన్, సంగీతం, నాట్యం అన్నీ ఒకే కప్పు కింద ఉన్నాయన్నారు. ఎర్రన్న అక్కడికక్కడే అడ్వాన్సు కట్టేసి, పిల్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చేశాడు. తర్వాత కౌన్సెలింగులో శ్రావణికి ప్రభుత్వ కళాశాలలో సీటు వచ్చింది. అక్కడ ఏడాది ఫీజు వీళ్ల కాలేజీ బస్సు ఛార్జీ అంత కూడా లేదు. అయినా ఎర్రన్న కదల్లేదు. "ఏటి మేడమ్, బయానా ఇచ్చీసినాను. సముద్రం మీదున్న పడవకి బయానా ఇచ్చినాక ఎవుడెక్కువ పెట్టినా సేపలు ఇంకోడికి పోవు. మాట మారిస్తే రేపు తీరంలో నా మొకం ఎవుడు సూస్తాడు?" అన్నాడు. పక్కనే గురమ్మ ఊరుకోలేదు. "మొప్ప ఎత్తి సూడందే సేప కొనవు, పిల్ల సదువు సూడకండా కొనీసినావేటి?" అంది.

ఆ మాట పట్టుకుని నేను వాళ్లను రెండు చోట్లకూ తీసుకెళ్లాను. ఉమాశంకర్ గారూ, మీ కాలేజీ హాలు బాగుంది. అద్దాల పెట్టెలో వీణ ఉంది. బొట్టు పెట్టారు, దండ వేశారు, అగరువత్తి వెలుగుతోంది. ఎర్రన్న చెప్పులు విప్పి దండం పెట్టాడు కూడా. వీణకు తీగలు లేవు! నాట్యం గదిలో గోడనుంచి గోడకు మెత్తటి తివాచీ పరిచారు. దాని మీద అడుగు వేస్తే చప్పుడు ఎక్కడినుంచి వస్తుంది? బొమ్మల గదిలో స్టాండ్ల మీద ప్లాస్టిక్ కవర్లు విప్పలేదు. పాఠం చెప్పేది ఎవరమ్మా అంటే "తీసుకుంటున్నాం" అన్నారు. డిగ్రీ చేతికిచ్చి పంపేది మాత్రం గ్యారంటీ అట.

రెండో చోట గోడకు చెమ్మ ఉంది. ఫ్యాను తిరగడానికి ఆలోచిస్తోంది. (నవ్వులు) కానీ ముద్రణ యంత్రం దగ్గర ఆఖరి ఏడాది పిల్లలు పనిలో ఉన్నారు, గోళ్ల నిండా సిరా. ఒక పిల్లను పలకరిస్తే తల ఎత్తకుండా "ఉండండి మేడమ్, ఆరిపోతాది" అంది. అంతకన్నా గౌరవం ఎవరూ నాకు ఇవ్వక్కర్లేదు. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఇదే. ఈ చదువులకు గేటు చూసి, పుస్తకం చూసి డబ్బు కట్టకండి. అక్కడ నాలుగేళ్లు చదివిన పిల్లల చేతులు చూడండి, పాఠం చెప్పే మనిషి పేరు అడగండి. పేరు చెప్పలేకపోతే వెనక్కి వచ్చేయండి. చిత్రకళ చదవనివ్వం అనేవాళ్ల మీద నాకు సగం కోపం. చదువుకుంటాం అని వచ్చిన పిల్లలకు తీగల్లేని వీణ అమ్మేవాళ్ల మీద మిగతాది మొత్తం.

శ్రావణి సోమవారం ఉదయం ఒరిజినల్స్‌తో ఆ ప్రభుత్వ కళాశాలలో ఉండాలి. లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. అడిగితే మీ ఆఫీసువాళ్లు నాలుగేళ్ల ఫీజూ కట్టి పట్టుకుపొమ్మన్నారు. చేరని చదువుకు ఫీజేమిటి సార్? పిల్ల మార్కుల జాబితా మీకు తాకట్టు సరుకా?

ఎర్రన్నా, వెనకాల స్తంభం చాటున కూర్చున్నావు, కనిపిస్తున్నావులే. నీ బయానా పద్ధతి నాకు తెలుసు, దానికి నేను దండం పెడతాను. పడవ ఉన్నవాడి దగ్గర అది ధర్మం. కానీ అసలు పడవే లేనివాడు బయానా పుచ్చుకుంటే తీరంలో ఏమంటారు? లేచి చెప్పు. సిగ్గుపడకు.

ఏటన్నావు? గట్టిగా అను, అతిథి గారికి వినపడాలి.

విన్నారా? "పడవ లేనోడికి మాట ఏటి మేడమ్, నా కాయితాలు నాకిచ్చీమనండి" అంటున్నాడు. (చాలాసేపు చప్పట్లు) కూర్చో ఎర్రన్నా. కాసిని నీళ్లు ఇవ్వండి బాబూ.

ఉమాశంకర్ గారు నాకేదో చెబుతున్నారు. రేపు ఆఫీసుకు పంపమంటున్నారు. రేపు ఆదివారం సార్. మీ ఆఫీసుకు తాళం ఉంటుంది. ఎల్లుండి ఉదయానికి ఈ పిల్ల సీటు ఉండదు. అది మీకూ తెలుసు, నాకూ తెలుసు.

జగన్నాధం గారూ, మీరు చేసిన ఏర్పాటు చూశాను. పూలు కట్టిన ఓపెన్ జీపు గేటు దగ్గర ఉంది. రిటైరైన మనిషిని ఎక్కించి ఇంటిదాకా ఊరేగించడం మనకు ఆనవాయితీ. నేను ఎక్కుతాను. కానీ ఆ జీపు మా ఇంటికి పోదు. నా పక్కన ఉమాశంకర్ గారు కూర్చుంటారు, వెనకాల శ్రావణి, ఎర్రన్న, గురమ్మ. ముందు తప్పెటగుళ్ళు. నేరుగా సార్ గారి కాలేజీకి. సాయంత్రం దాకా తెరిచే ఉంటుందని ఆయన ప్రసంగంలో ఆయనే చెప్పారు. ఆ కాగితాలు శ్రావణి చేతికి వచ్చేదాకా తప్పెటలు ఆగవు, నేను జీపు దిగను. శాలువాలు ఎవరికైనా ఇచ్చేయండి, నాకు ఆ కాగితాలే సన్మానం.

ఇన్నాళ్లు నన్ను భరించినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. సార్, లేవండి, జీపు స్టార్ట్ చేశారు. సెలవు.