కుండీ వెనక తలుపు

అది కాదండీ, మనుషులు నడిచే దారిలో, తలుపుకి అడ్డంగా అంత పూలకుండీ ఎవరైనా పెడతారా? మీరే చెప్పండి!

ఆ... ఈ వాయిస్ మెసేజ్ పంపగానే మీ ఫోన్ నా సంచీలోనే టింగుమంటుంది, తెలుసు. మీరు పోయినా దానికి ఛార్జింగ్ పెడుతూనే ఉన్నా. నవ్వకండి. ఇది ఇంకెవరికి చెప్పుకోను?

మీ పేరు మీద అవార్డు పెట్టారు కదా, పల్లెల్లో పాత ఇళ్ళని కాపాడే ఆర్కిటెక్టుకి ఇస్తామని. పెట్టిందెవరు? మీ శిష్యుడే, మనం గడ్డం అని పిలిచేవాడే! నా చేత్తోనే ఇప్పించాలని కారు కూడా పంపాడు. మీరున్నప్పుడు ఫోనెత్తని మనిషి! అప్పుడే నాకెక్కడో గుచ్చుకుంది.

గెలిచింది ఓ కుర్ర ఆర్కిటెక్టు కట్టిన గెస్ట్‌హౌస్, సభ కూడా అందులోనే. కొత్తదే. కానీ స్తంభాలు పాతవి, దూలాలు పాతవి, తలుపు పాతది. "ఎక్కడివి బాబూ ఇవన్నీ?" అన్నా. "సేకరించామమ్మా" అన్నాడు గడ్డం. సేకరించారట! చెట్టుకి కాశాయా?

"పోనీ, ఇదే ఊళ్ళో ఆయన ప్రాణం పెట్టి నిలబెట్టిన మాస్టారిల్లు చూపించు" అన్నా. "టీ తాగారా అమ్మా?" అన్నాడు. చూశారా?

ఇల్లంతా తిప్పాడు, ఆ తలుపు దగ్గరికి మాత్రం పోనివ్వడే! వాడికేదో ఫోనొచ్చి అటు తిరిగాడో లేదో, కాలితో కుండీ జరిపేశా.

అతుకు.

మాస్టారింటి తలుపేనండీ! అడుగున చెదలు తింటే తెల్లచెక్క అతికారే, రంగు వెయ్యమని నేను పోరితే "మరమ్మతు దాస్తే అబద్ధమే" అని నాతో మాట్లాడ్డం మానేశారే, అదే! అంటే ఆ ఇల్లు కూల్చేశారన్నమాట. ఆ రోజు చెక్క పట్టుకుని కూర్చున్నది ఈ గడ్డమేగా. వాడికి తెలీదూ? తెలుసు కాబట్టే కుండీ.

ఈ అవార్డు ఇవ్వనని చెప్పేద్దామనే మైకు దగ్గరికెళ్ళా. ఒట్టు.

మీ పేరు చదవగానే అందరూ లేచి నిలబడ్డారండీ. అందరూ! బతికుండగా ఎవరు లేచారు మీకు? చాదస్తం అన్నారు, పాతగోడల పిచ్చోడన్నారు. నిలబడ్డవాళ్ళని ఒక్కొక్కరినే చూస్తూ పోయా. నా చేతిలో అవార్డు పలక ఆ కుర్రాడి చేతికి ఎప్పుడెళ్ళిందో...

ఇచ్చేశా. నవ్వుతూనే.

ఫోటో మాత్రం ఆ తలుపు దగ్గరే అని పట్టుబట్టా. గడ్డం పరిగెత్తుకెళ్ళి కుండీ మళ్ళీ లాక్కొచ్చాడు. కాలికి అడ్డమని తీయించా. అతుకు ఫోటోలో పడింది. చూసేవాళ్ళుంటే కనపడుతుంది.

నా వల్లయింది అంతే. తిట్టుకోండి.